పవర్ స్టీరింగ్ బాక్స్ మార్చే ముందు

పికప్‌ని చదునైన నేల మీద ఆపండి. జాకీని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు వేయాల్సిందే.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్ కదలకుండా కట్టేయండి. స్టీరింగ్ షాఫ్ట్ ఊడదీశాక స్టీరింగ్ గిర్రున తిరిగితే ఎయిర్‌బ్యాగ్ క్లాక్‌స్ప్రింగ్ (స్టీరింగ్ కింద చుట్టి ఉండే వైరు పట్టీ) తెగుతుంది. చాలామంది మర్చిపోయేది ఇదే.

పిట్‌మన్ ఆర్మ్‌కి (బాక్స్ తిప్పుడుని చక్రాల కడ్డీలకు అందించే చేయి) పుల్లరే (లాగి ఊడదీసే పనిముట్టు) వాడాలి, సుత్తి కాదు. విప్పే ముందు ఆర్మ్‌కీ, అది బిగించిన బాక్స్ షాఫ్ట్‌కీ కలిపి పెయింట్ గీత గీయండి. సుద్ద గీత నూనె తగిలితే మాయం!

కొత్త బాక్స్ షాఫ్ట్ పళ్లు, హోస్ మరలు సరిపోతాయా చూసుకోండి. బాక్స్‌కి స్టీరింగ్ వైపున్న షాఫ్ట్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ చుట్లు లెక్కపెట్టి, అందులో సగం చుట్లు వెనక్కి తిప్పితే బాక్స్ మధ్యకొస్తుంది.

బాక్స్ బిగించేచోట ఛాసిస్‌కి పగుళ్లున్నాయేమో టార్చ్ వేసి చూడండి. ఉంటే పని అక్కడితో ఆపి, ముందు వెల్డింగ్.

ఆయిల్ మాన్యువల్లో చెప్పిన రకమే.