లినక్స్‌లో డీ డ్రైవ్‌లోకి ఏదీ కాపీ కావట్లేదా? ముందు విండోస్‌ని నిజంగా ఆపండి

సమస్య ఇలా ఉంటుంది. విండోస్ పక్కనే మింటో ఉబుంటూనో, ఏదో ఒక లినక్స్ వేసుకున్నారు. డీ డ్రైవ్ తెరుచుకుంటుంది, ఫొటోలు కనిపిస్తాయి, వీడియోలు ఆడతాయి. కానీ అందులోకి ఒక ఫైల్ కాపీ చేయబోతే ‘రీడ్ ఓన్లీ’ అంటుంది, కొత్త ఫోల్డర్ కూడా పెట్టనివ్వదు. కొందరికి డ్రైవ్ అసలు తెరుచుకోదు, ‘రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అని భయపెట్టే మెసేజ్ వస్తుంది. దాంతో డిస్క్ పోయిందని టెన్షన్ పడతారు. చాలావరకు డిస్క్‌కి ఏమీ కాలేదు.

మొదట చేయాల్సింది ఒక్కటే. విండోస్‌లోకి వెళ్లి షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కండి. మళ్లీ మెనూ రాగానే లినక్స్ ఎంచుకుని డీ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ పెట్టి చూడండి. వచ్చిందా, కారణం దొరికినట్టే. ఇంత చిన్న పరీక్ష వదిలేసి చాలామంది పర్మిషన్లు మారుస్తూ కూర్చుంటారు, ఫైల్ మేనేజర్‌ని రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) తెరుస్తారు, ఆఖరికి లినక్స్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. డ్రైవే రీడ్ ఓన్లీగా మౌంట్ అయినప్పుడు, అంటే చదవడానికి మాత్రమే లినక్స్‌కి జతైనప్పుడు, రూట్ కూడా అందులో రాయలేడు, కాబట్టి పర్మిషన్ల జోలికి వెళ్లకండి.

అసలు కారణం ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి ఉంది, చాలా ల్యాప్‌టాప్‌లలో ముందే ఆన్ అయి వస్తుంది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. మీ ప్రోగ్రాములు మూసేస్తుంది కానీ తన కెర్నల్‌ని (సిస్టమ్ కేంద్ర భాగాన్ని) మాత్రం హైబర్నేట్ చేసి డిస్క్‌లో దాచుకుంటుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు త్వరగా లేవడానికి. డ్రైవ్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే సమాచారంలో కొంత అలా దాచుకున్న దాంట్లోనే ఉండిపోతుంది. లెక్కల పుస్తకం సగంలో తెరిచి పెట్టి షాపు షట్టర్ దించినట్టన్నమాట. వేరేవాళ్లు వచ్చి ఆ పుస్తకంలో రాస్తే, పొద్దున్నే యజమాని తనకు గుర్తున్న లెక్కతో మొదలుపెడతాడు, రెండూ కలవవు, ఫైళ్లు పోతాయి. అందుకే లినక్స్ రాయడానికి ఒప్పుకోదు. అది మీ డేటాని కాపాడుతోంది. విండోస్ డ్రైవ్‌లను లినక్స్‌లో తెరిచే ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవర్ ఇచ్చే ఎర్రర్‌ని చివరిదాకా చదివితే, విండోస్‌ని హైబర్నేషన్ లేకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయమని అందులోనే రాసి ఉంటుంది. మొదటి లైన్ చూసి మూసేయకండి.

రీస్టార్ట్‌లో ఈ దాచుకోవడం జరగదు, అందుకే పైన రీస్టార్ట్ చేసి చూడమన్నాను. ‘నిన్న పనిచేసింది, నేనేమీ ముట్టుకోలేదు’ అనే మాటకు కారణం కూడా ఇదే: నిన్న రీస్టార్ట్ చేసి వచ్చారు, ఇవాళ షట్‌డౌన్ చేసి వచ్చారు.

శాశ్వతంగా సరిచేయాలంటే విండోస్ స్టార్ట్ మెనూలో కంట్రోల్ ప్యానెల్ అని వెతికి తెరవండి. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఎడమ పక్కన పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింక్ నొక్కండి. ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ అక్కడే ఉంటుంది, కానీ బూడిద రంగులో ఉండి టిక్ తీయనివ్వదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పైన ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ అనే చిన్న లింక్ ఉంటుంది, అది నొక్కాకే టిక్ తీయగలరు. తీసి, సేవ్ చేసి, ఒకసారి మామూలుగా షట్‌డౌన్ చేసి లినక్స్‌లోకి రండి. ఆ టిక్ బాక్స్ అసలు కనిపించకపోతే హైబర్నేషన్ ముందే ఆపేసి ఉండొచ్చు, అప్పుడు కారణం వేరే.

రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఈ టిక్ మళ్లీ వచ్చి కూర్చోవచ్చు, కాబట్టి కొన్ని నెలల తర్వాత సమస్య తిరిగొస్తే మొదట ఇక్కడే చూడండి. మీరే హైబర్నేట్ నొక్కి వచ్చినా ఇదే జరుగుతుంది, దానికి ఈ టిక్‌తో సంబంధం లేదు.

హైబర్నేట్ ఫైల్‌ని తీసేసి బలవంతంగా మౌంట్ చేసే ఆప్షన్ ఒకటి లినక్స్‌లో ఉంది. విండోస్‌లోకి వెళ్లగలిగే పరిస్థితి ఉన్నంతవరకు దాన్ని వాడకండి. అక్కడ సేవ్ చేయని పని ఏదైనా ఉంటే పోతుంది.

విండోస్‌ని ఇప్పటికే తీసేసి, డీ డ్రైవ్ మాత్రం అలాగే ఉంచినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు వెనక్కి వెళ్లే దారి లేదు. రీడ్ ఓన్లీగా తెరుచుకుంటుంటే ముందు ముఖ్యమైనవన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డ్రైవ్ అసలు తెరుచుకోకపోతే దాన్ని అన్‌మౌంట్ చేసి ఉంచి టెర్మినల్‌లో ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ నడపండి, సాధారణంగా సరిపోతుంది. అది చిన్న లోపాలే సరిచేస్తుంది, డిస్క్ లోపాలు వెతికి సరిచేసే విండోస్‌లోని చెక్‌డిస్క్‌తో సమానం కాదు. డేటా బయటికి తీశాక ఆ డ్రైవ్‌ని లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయడం మేలు. విండోస్ లేని మెషీన్‌లో విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్‌ని పట్టుకుని వేలాడాల్సిన పని లేదు.

మిగతా కారణాలు అరుదు. విండోస్ నడుస్తుండగా కరెంటు పోయి మెషీన్ ఆగిపోతే, విండోస్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్, టూల్స్‌లోకి వెళ్లి చెక్ నొక్కండి. డ్రైవ్‌ని అన్‌లాక్ చేయడానికి పాస్‌వర్డ్ అడిగితే అది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్; విండోస్‌లోకి వెళ్లి ఎన్‌క్రిప్షన్ తీసేయండి. లినక్స్ వాడుతుండగా మధ్యలో ఉన్నట్టుండి రీడ్ ఓన్లీ అయితే మాత్రం డిస్క్స్ అనే అప్లికేషన్ తెరిచి స్మార్ట్ డేటా (డిస్క్ ఆరోగ్యం చెప్పే సమాచారం) చూడండి. అక్కడ డిస్క్ పాడవుతోందని కనిపిస్తే ఇంకేమీ రిపేర్ చేయబోకుండా వెంటనే బ్యాకప్ తీసుకోండి.