ఒంగోలు నుంచి నెల్లూరికి సైకిళ్ల మీద

దాదాపు 120 కిలోమీటర్లు. జనవరిలో పెట్టుకోండి, ఇటునుంచే బయల్దేరండి, ఆ నెలలో ఈశాన్య గాలి వెనక నుంచి తోస్తుంది. చీకటితోనే హైవే ఎక్కుతారు కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి, నెమ్మదిగా తొక్కేవాణ్ణి ముందు పెట్టండి, లేకపోతే వాడు ఎక్కడో ఒంటరిగా మిగిలిపోతాడు. టిఫిన్ సింగరాయకొండలో.

పంపు, ప్యాచీలు ఉంటే చాలదు, చక్రం విప్పే పానా కావాలి. మేం అదే మరిచాం. ఉలవపాడు దగ్గర పంచరైతే సపోటాలమ్మే పెద్దాయన "నీడన కూచోండబ్బయా" అని ఎవరికో ఫోన్ చేసి పానా తెప్పించాడు, ట్యూబు బకెట్ నీళ్లలో ముంచి బుడగలొచ్చే చోట వేలు పెట్టి చూపించాడు. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అలాంటప్పుడు బలవంతం చేయకండి, బేరమాడకుండా రెండు కిలోలు కొనండి (నెల్లూరు దాకా మోసింది మాత్రం నేనే).