అద్దె ఫ్లాట్‌లో కుళాయి నీళ్లు ఒళ్లు కాలేంత వేడిగా వస్తుంటే ఏం చేయాలి?

స్నానానికి కావలసిన వేడి 38 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. మన ఇళ్లలోని స్టోరేజీ గీజర్లలో చాలావాటి థర్మోస్టాట్, అంటే పెట్టిన వేడికి చేరగానే కరెంటు ఆపే భాగం, 75 డిగ్రీల దాకా వెళ్తుంది. ఈ రెండు అంకెల మధ్యే ప్రమాదమంతా ఉంది. 49 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చడానికి ఐదు నిమిషాలకు పైనే పడుతుంది. 54 దగ్గర అర నిమిషం, 60 దగ్గర ఐదు సెకన్లు చాలు. 70 దాటితే ఒక్క సెకను. అంటే 50లో చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉంటుంది, 65లో ఉండదు.

చంటిపిల్లల చర్మం పల్చన కాబట్టి ఇంకా త్వరగా కాలుతుంది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన పెద్దవాళ్లకైతే కాలుతున్న సంగతే తెలియదు. బొబ్బ లేచాక చూసుకుంటారు. అందుకే "చల్లనీళ్లు కలుపుకుంటే సరిపోతుంది కదా" అని వదిలేయకండి. కలపడం మరిచిపోయిన ఒక్క రోజు చాలు. కుళాయిలోంచే 45–48 డిగ్రీలకు మించి రాకుండా చూసుకోవాలి. అద్దె ఇంట్లో ఉంటూ కూడా ఇందులో చాలా భాగం మీ చేతిలోనే ఉంటుంది.

ముందు కొలవండి

వేలు పెట్టి చూసి అంచనా వేయొద్దు. జ్వరం చూసే థర్మామీటర్ 42 డిగ్రీలతో ఆగిపోతుంది, కాబట్టి అదీ పనికిరాదు. వంటింట్లో పాకానికి, పాలకు వాడే పొడవాటి పుల్ల ఉన్న డిజిటల్ థర్మామీటర్ కావాలి. దూరం నుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే స్టీలు మీద తప్పు చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు.

గీజర్ వేసి, లైటు దానంతటదే ఆరేదాకా ఆగండి. వేడినీళ్ల ట్యాపు మాత్రమే సన్నగా తిప్పి, పైపులో నిలిచిన చల్లనీళ్లు పోయాక మగ్గు నింపండి. మగ్గు కింద చెయ్యి పెట్టకుండా, నేల మీద ఉంచి నింపాలి. థర్మామీటర్ ముంచి అంకె నిలబడేదాకా చూసి, ఆ అంకెను ఫోటో తీసుకోండి. ఓనరుతో మాట్లాడేటప్పుడు "బాగా వేడిగా వస్తున్నాయండీ" అనే మాట కన్నా 71 అని చూపించే ఫోటో పని చేయిస్తుంది.

వేడి ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకోండి

రాత్రి గీజర్ ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ లైనుకున్న బ్రేకర్ స్విచ్) దించేయండి. మర్నాడు పొద్దున్నే, ఎవరూ నీళ్లు వాడకముందు, వేడినీళ్ల ట్యాపు తిప్పి రెండు నిమిషాలు వదలండి. నీళ్లు గోరువెచ్చగానో చల్లగానో ఉంటే సమస్య గీజర్‌ది. అప్పటికీ పొగలు కక్కుతుంటే పైన సోలార్ లైను ఉన్నట్టు. చల్లనీళ్ల ట్యాపులో మధ్యాహ్నం పూటే వేడి వచ్చి, కాసేపటికి తగ్గితే అది ఎండకు కాగిన పైపు. అలాకాక గీజర్ వాడిన తర్వాత మాత్రమే చల్లనీళ్ల ట్యాపులోంచి వేడినీళ్లు వస్తుంటే, వేడినీళ్లు వెనక్కి తన్నుతున్నాయని అర్థం.

గీజర్ అయితే

బయటకు నాబ్ ఉన్న మోడల్ అయితే పని సులువు. కనిష్ఠానికి తిప్పి, ట్యాంకులోని నీళ్లన్నీ ఒకసారి వదిలేసి, మళ్లీ కాగాక కొలవండి. పాత వేడినీళ్లు ఉండగానే కొలిచి "నాబ్ తిప్పినా తగ్గలేదు" అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. 48 దగ్గర ఆగేలా పెట్టుకుంటే మామూలు కుటుంబానికి సరిపోతుంది.

నాబ్ లేని గీజర్లలో థర్మోస్టాట్ కింది మూత లోపల ఉంటుంది. ఆ మూత విప్పడం మీ పని కాదు, మెకానిక్ పని. విప్పేముందు ఎంసీబీ దించి ఉందో లేదో మాత్రం మీరు చూడండి. స్విచ్ ఆపితే చాలదు. పాత వైరింగులో స్విచ్ ఫేజ్ బదులు న్యూట్రల్‌ను కట్ చేస్తూ ఉండొచ్చు.

మెకానిక్ వచ్చేలోగా గడియారంతో నెట్టుకురావచ్చు. 2 కిలోవాట్ల హీటరు 15 లీటర్ల నీళ్లను నిమిషానికి దాదాపు 1.9 డిగ్రీలు వేడి చేస్తుంది. 25 డిగ్రీల నీళ్లు 45కి రావడానికి పది, పదకొండు నిమిషాలు పడుతుంది. 25 లీటర్ల ట్యాంకుకైతే పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు. అలారం పెట్టుకుని ఆ సమయానికి ఆపేయండి. ఇంతకుముందే వాడిన ట్యాంకులో నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి ఇంట్లో రెండో మనిషికి ఈ లెక్క పనికిరాదు. వాళ్లు నాలుగైదు నిమిషాలతో మొదలుపెట్టి కొలుచుకోవాలి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. అదే 15 లీటర్ల గీజర్‌లో 25 డిగ్రీల నీళ్లు 60కి చేరడానికి పద్దెనిమిది, పందొమ్మిది నిమిషాలు పడుతుంది. నీళ్లు వాడకుండా వదిలేస్తే, పెద్ద సెట్టింగులో ఉన్నా సరే, అరగంటలోపు లైటు ఆరిపోవాలి. నలభై నిమిషాలైనా ఆరలేదు, లోపల గురగుర శబ్దం వస్తోంది, ట్యాపు తిప్పితే బుస్సుమని ఆవిరి తన్నుతోంది అంటే థర్మోస్టాట్ ఇరుక్కుపోయింది. వెంటనే ఎంసీబీ దించేయండి. ట్యాపు కట్టేసి, కొన్ని గంటలు చల్లారనివ్వండి. బాగయ్యేదాకా ఆ గీజర్ వాడొద్దు.

థర్మోస్టాట్ ఎందుకు ఇరుక్కుంటుంది? రోజూ కలుస్తూ విడుతూ ఉండే దాని కాంటాక్టులు కొన్నేళ్లకు కాలి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బోరు నీళ్లున్న చోట ఇంకో కారణం తోడవుతుంది. వేడిని పసిగట్టే కడ్డీ చుట్టూ సున్నం తెల్లగా పెంకులా పేరుకుంటుంది. నీళ్లు 70కి చేరినా ఆ పెంకు లోపలి కడ్డీకి సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. హైదరాబాద్‌లో బోరు మీదే నడిచే అపార్ట్‌మెంట్లలో ఏడాదికోసారి ట్యాంకు విప్పి సున్నం తీయించడం, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం యానోడ్ కడ్డీ అరిగిందేమో చూడటం తప్పనిసరి.

"డైరెక్ట్ చేశానండీ" అంటే ఒప్పుకోకండి

గీజర్‌లో థర్మోస్టాట్‌తో పాటు థర్మల్ కటౌట్ అని ఇంకో రక్షణ ఉంటుంది. థర్మోస్టాట్ విఫలమై నీళ్లు మరిగే స్థితికి దగ్గరపడుతుంటే అది కరెంటు కోసేస్తుంది. కొన్నింటిలో చిన్న ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. మాటిమాటికీ పడిపోతోందంటే సాధారణంగా చెడిపోయింది కటౌట్ కాదు, థర్మోస్టాట్. బటన్ నొక్కుతూ రోజులు గడపొద్దు.

కొందరు మెకానిక్‌లు విడిభాగం దొరకలేదనో, ఖర్చు తగ్గుతుందనో "డైరెక్ట్" చేసి వెళ్లిపోతారు. మూత తీసినప్పుడు దగ్గరుండి చూడండి. ఫేజ్ వైరు కటౌట్, థర్మోస్టాట్ రెండింటి గుండా వెళ్లాకే హీటింగ్ ఎలిమెంట్‌కి చేరాలి. థర్మోస్టాట్ మీద రెండు స్క్రూల మధ్య వేలెడు వైరు ముక్క వంతెనలా బిగించి కనబడిందా, అదే డైరెక్ట్. ఇక ఆ గీజర్‌ను ఆపేది మీ జ్ఞాపకశక్తి ఒక్కటే. మీకంటే ముందున్న అద్దెవాళ్ల కాలంలోనే ఇది జరిగి ఉండొచ్చు. కాబట్టి ఏ రిపేరుకైనా మూత తెరిచినప్పుడల్లా చూపించమనండి.

నీలం గుర్తున్న చల్లనీళ్ల పైపు దగ్గర ఇత్తడి సేఫ్టీ వాల్వు ఉంటుంది. 15 లీటర్లు 25 నుంచి 60కి కాగితే నీళ్లు వ్యాకోచించి సుమారు ఒక గ్లాసుడు పెరుగుతాయి. గీజర్ కాగేటప్పుడు ఆ వాల్వులోంచి చుక్కలు పడటం అందుకే. దాన్ని లీకు అనుకుని సీలెంటు పూసి మూసేస్తే లోపలి ఒత్తిడికి దారి ఉండదు. దానికో సన్నటి గొట్టం తగిలించి డ్రెయిన్‌లోకి వదలండి, అంతే.

ఇన్‌స్టంట్ గీజర్ అయితే

ఇక్కడ లెక్క వేరు. నీళ్ల ధార ఎంత సన్నగా ఉంటే అంత వేడెక్కుతాయి. 3 కిలోవాట్ల గీజర్‌లో నిమిషానికి 3 లీటర్లు వస్తే నీళ్లు 14 డిగ్రీలు పెరుగుతాయి. ధార సగానికి పడిపోతే 28 పెరుగుతాయి. ఓవర్‌హెడ్ ట్యాంకుకు దగ్గరగా ఉండే పై అంతస్తుల్లో ప్రెషర్ తక్కువ. ఎవరైనా పక్క బాత్రూమ్‌లో ఫ్లష్ చేయగానే షవర్ నీళ్లు భగ్గుమనేది అందుకే. షవర్ తలలో చేరిన సున్నాన్ని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో రాత్రంతా నానబెట్టి తీసేయండి. గీజర్ ఆన్‌లో ఉండగా ధార తగ్గించొద్దు. గ్యాస్ గీజర్‌కూ ఇదే సూత్రం. దాన్ని మాత్రం గాలి ఆడని బాత్రూమ్‌లో అసలు పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

సోలార్ అయితే

సోలార్ హీటర్‌కు ఆపే థర్మోస్టాట్ ఉండదు. మార్చి నుంచి జూన్ దాకా, ముఖ్యంగా ఊళ్లకు వెళ్లి ఎవరూ వాడని రోజుల్లో, గాజు గొట్టాల సోలార్ ట్యాంకులో నీళ్లు 80 డిగ్రీలు దాటిపోతాయి. కొన్ని ఫ్లాట్లలో సోలార్ లైను గీజర్‌లోకి ఇస్తారు. గీజర్ ఆఫ్‌లో ఉన్నా ట్యాపులో 70 డిగ్రీల నీళ్లు వస్తాయి. గీజర్ నాబ్ వాటిని చల్లార్చలేదు.

సరైన మందు థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్. వేడినీళ్లూ చల్లనీళ్లూ రెండూ దాంట్లోకి వెళ్తాయి, మీరు పెట్టిన వేడిలో మాత్రమే బయటికొస్తాయి. చల్లనీళ్లు ఆగిపోతే మంచి వాల్వు వేడినీళ్లను కూడా ఆపేస్తుంది. రెండు లైన్ల ప్రెషర్ దాదాపు సమానంగా ఉండాలి, ముందు జాలీ ఫిల్టరు, నీళ్లను వెనక్కి వెళ్లనివ్వని నాన్ రిటర్న్ వాల్వులు ఉండాలి. ఉప్పునీళ్లయితే లోపలి కార్ట్రిడ్జ్ ఏడాదికోసారి శుభ్రం చేయించాలి. అందరి ఫ్లాట్లకూ ఒకటే ట్యాంకు ఉంటే దీన్ని అసోసియేషన్ మీటింగులో పెట్టండి. ఈలోగా వేసవిలో కొన్ని గొట్టాల మీద షేడ్‌నెట్ కప్పమనండి. కప్పే పని ఎండలో కాదు, చీకటి పడ్డాక.

చల్లనీళ్ల ట్యాపే కాలుతుంటే

మే నెలలో డాబా మీద ఎండలో పరిచిన పైపులోని నీళ్లు మొదట వస్తాయి, అవే అన్నిటికన్నా వేడి. వాటిని బకెట్లో పట్టి చల్లారాక గిన్నెలకో బట్టలకో వాడుకోండి. పిల్లల్ని ఆ మొదటి ధార కింద కూర్చోబెట్టొద్దు. పైపుకి ఫోమ్ తొడుగు వేయించమని, ట్యాంకు మీద నీడ వేయమని అడగండి.

వేడినీళ్లు వెనక్కి తన్నడానికి రెండు కారణాలుంటాయి. గీజర్‌లోకి వెళ్లే చల్లనీళ్ల పైపుకి నాన్ రిటర్న్ వాల్వు లేకపోవడమో పాడవడమో ఒకటి. మిక్సర్‌లో రెండు నాబ్‌లూ తెరిచే ఉంచి, చివర హ్యాండ్ షవర్ దగ్గర మాత్రమే ఆపడం రెండోది. అప్పుడు వేడినీళ్లు మిక్సర్ లోపలే చల్లనీళ్ల లైనులోకి దాటిపోతాయి. హెల్త్ ఫాసెట్‌లోంచి వేడినీళ్లు వస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. వాడాక నాబ్‌లు రెండూ కట్టేయడం ఈ రోజే మొదలుపెట్టండి.

రోజూ వాడేటప్పుడు

బకెట్లో ముందు చల్లనీళ్లు, ఆ తర్వాత వేడినీళ్లు. 60 డిగ్రీల గీజర్ నీళ్లతో 20 లీటర్ల బకెట్ 40కి రావాలంటే వేడినీళ్లు ఎనిమిదిన్నర లీటర్లు చాలు. వేడినీళ్లు మాత్రమే ఉన్న బకెట్‌ను నేల మీద వదిలి ఫోన్ ఎత్తడానికి వెళ్లొద్దు, తప్పటడుగుల పిల్లలు అందులోనే పడతారు. మిక్సర్ తిప్పేటప్పుడు చల్లనిది ముందు, కట్టేటప్పుడు వేడిది ముందు. స్నానానికి ముందు గీజర్ ఆపేయండి. లైనుకి ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఒకే పిడిని పక్కకు తిప్పితే నీళ్లు వేడెక్కుతాయి, ఎక్కడ ఆగాలో అలవాటు లేనివాళ్లకు తెలియదు. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ సూచించేది 120 ఫారన్‌హీట్, అంటే మన 49. అంతకు మించితే మెయింటెనెన్స్ రిక్వెస్ట్ రాతపూర్వకంగా పెట్టి, హీటర్‌తో పాటు షవర్ వాల్వులో పిడిని మరీ వేడి వైపు తిరగకుండా ఆపే లిమిట్ స్టాప్ కూడా సరిచేయమని అడగండి.

ఎవరికైనా కాలితే

వెంటనే మామూలు కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచండి. రెండు నిమిషాలు సరిపోవు. తడిసిన బట్టలు, గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి, చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగొద్దు. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, వెన్న, ఇంకు ఏవీ పూయొద్దు. బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిన్నపిల్లలైనా, ముఖం, చేతులు, మర్మాంగాలు కాలినా, అరచేతి కన్నా పెద్ద మేర కాలినా 108కి ఫోన్ చేయండి.

ఓనరుతో మాట్లాడటం

ఫోన్లో చెప్పినా, వాట్సాప్‌లో రాసి కూడా పెట్టండి. ఇలా:

"నమస్తే అండీ. పెద్ద బాత్రూమ్ గీజర్ నీళ్లు ఈ రోజు పొద్దున 71 డిగ్రీలు వచ్చాయి, ఫోటో పెట్టాను. నాబ్ కనిష్ఠానికి తిప్పినా తగ్గలేదు. థర్మోస్టాట్ మార్చాలంటున్నారు. శనివారంలోగా మీరు మెకానిక్‌ని పంపుతారా, నన్నే కంపెనీ సర్వీసుకి చెప్పి బిల్లు మీకు పంపమంటారా? ఇంట్లో రెండేళ్ల పాప ఉంది."

ఖర్చు ఎవరిదన్న పేచీ ఇక్కడే వస్తుంది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో పైపుల మార్పు, లోపలి వైరింగు ఓనరు వంతు. గీజర్ రిపేరు మాత్రం అద్దెకున్నవాళ్ల వంతుగా రాశారు, అదీ అగ్రిమెంటులో వేరుగా రాసుకోకపోతే. అందుకే సంతకం పెట్టేముందే "గీజర్, థర్మోస్టాట్, సేఫ్టీ వాల్వుల రిపేరు ఓనరు బాధ్యత" అనే ఒక్క వాక్యం రాయించుకోండి. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే గీజర్ వేయించి, లైటు ఎంతసేపటికి ఆరుతుందో నిలబడి చూడండి. థర్మామీటర్ జేబులో ఉంటే అప్పుడే కొలిచేయొచ్చు.