నొప్పి పాఠాలు – 4: కవరు విప్పండి, లెక్క కట్టండి

కిందటి పాఠంలో నొప్పిని మూడు ప్రశ్నలతో కొలిచాం. ఈ వారం నొప్పి సగటున ఎంత ఉంది, సంతోషంగా ఉండనివ్వకుండా ఎంత చేసింది, పనులకు ఎంత అడ్డొచ్చింది. ఒక్కోదానికి సున్నా నుంచి పది, మూడూ కూడి మూడుతో భాగహారం. ఐదుగురు పేషెంట్ల అంకెలు రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

ఇవాళ నేర్చుకునేది ఒక్కటే: ఓపియాయిడ్ (మార్ఫిన్, ట్రమడాల్ తరహా నొప్పి మందు) చీటీ రాసేముందు, ఆ మనిషి ఇప్పటికే రోజుకు ఎంత మింగుతున్నారో తేల్చడం.

ఒక ఉదాహరణ. 52 ఏళ్ల ఆవిడ, కుట్టుమిషన్ మీద బతుకు. ఆరేళ్లుగా నడుంనొప్పి. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అంటే "నొప్పి బిళ్లలే సార్" అంటారు. అక్కడితో ఆగొద్దు. "ఇంట్లో ఉన్నవన్నీ కవరుతో సహా తీసుకురండమ్మా" అనండి. మర్నాడు కవరు బల్లమీద బోర్లిస్తే మూడు స్ట్రిప్పులు. ట్రమడాల్ 50 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్, రోజుకు మూడు. ట్రమడాల్ 37.5, పారాసెటమాల్ 325 కలిపిన బిళ్లలు, రోజుకు రెండు. రాత్రికి నిద్ర కోసం అల్ప్రాజోలం. మొదటి రెండూ వేర్వేరు డాక్టర్లు రాసినవి. రంగు వేరు, పేరు వేరు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే మందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

లెక్క చూడండి. 150కి 75 కలిపితే 225 మిల్లీగ్రాముల ట్రమడాల్. ఒక్కో ఓపియాయిడ్ ఎంత మార్ఫిన్‌కు సమానమో తేల్చడానికి హెచ్చవేసే అంకెను గుణకం అంటాం. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాల్లో ట్రమడాల్ గుణకం 0.2. అంటే 45 మిల్లీగ్రాముల నోటి మార్ఫిన్‌కు సమానం. రోజుకు ఈ మార్ఫిన్ లెక్క 50 దాటించేముందు ఆగి, లాభనష్టాలు మళ్లీ చూసుకోమని అవే మార్గదర్శకాలు చెబుతాయి. "నొప్పి తగ్గలేదు సార్" అన్నారని ట్రమడాల్, పారాసెటమాల్ కాంబినేషన్ బిళ్ల ఇంకొకటి పెంచితే 52.5 అవుతుంది. 2016 పట్టికలో ఈ గుణకం 0.1 ఉండేది. ఆ పాత పట్టిక మీ ఫోన్‌లో ఉంటే తీసేయండి. ఇంకో మాట. ఈ అంకె ప్రమాదం అంచనా వేయడానికే. ట్రమడాల్ మానిపించి మార్ఫిన్ 45 మొదలుపెట్టడానికి కాదు.

మూడో స్ట్రిప్పు దగ్గర ఇంకొంచెం ఆగుదాం. ఓపియాయిడ్, అల్ప్రాజోలం రెండూ శ్వాసను మందగింపజేస్తాయి. గురక ఉందా, మద్యం తాగుతారా అడగండి. తెలంగాణలో అయితే కల్లు గురించి తప్పకుండా అడగాలి, కల్తీ కల్లులో అల్ప్రాజోలం కలుపుతూ పట్టుబడిన కేసులు చాలా ఉన్నాయి. తప్పు పట్టినట్టు కాకుండా, అన్నం తిన్నారా అన్నంత మామూలుగా అడిగితే నిజం చెబుతారు. డిప్రెషన్ బిళ్లలు కూడా వెతకండి. సెర్ట్రలిన్ లాంటివి ట్రమడాల్‌తో కలిస్తే ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది.

కొత్తలో నేనో తప్పు చేశాను. రెండేళ్లుగా ట్రమడాల్ వాడుతున్న ఒకాయనకు "ఇవాళ్టి నుంచి బంద్" అని చెప్పి పంపించాను. నాలుగో రోజు కొడుకు భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. ఒళ్లంతా చెమట, ఆగని ఆవులింతలు, విరేచనాలు, మూడు రాత్రులుగా నిద్ర లేదు. అదంతా నేను ఒక్కసారిగా ఆపించడం వల్ల వచ్చిందే. ఇప్పటికీ బాధేస్తుంది.

ఏడాదికి పైగా వాడినవాళ్లకు నెలకు పది శాతం, వీలైతే ఇంకా నెమ్మదిగా తగ్గించాలి. మన ఉదాహరణలో ఒక కాంబినేషన్ బిళ్లను సగం చేస్తే రోజుకు 18.75 మిల్లీగ్రాముల ట్రమడాల్ తగ్గుతుంది. మొదటి నెలకు అది చాలు. ఎస్ఆర్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) అని రాసి ఉన్న బిళ్లలను మాత్రం విరవకూడదు. అల్ప్రాజోలం అదే నెలలో ముట్టుకోవద్దు, ఎప్పుడైనా సరే ఒక్కసారిగా ఆపొద్దు. ఫిట్స్ వస్తాయి. ఈలోగా నడక, నడుం వ్యాయామాలు మొదలుపెట్టించి, నెల తర్వాత మూడు ప్రశ్నల అంకె మళ్లీ తీసుకోండి.

క్యాన్సర్ నొప్పికి ఈ భయాలు తగిలించకండి. అక్కడ మార్ఫిన్ ఇవ్వకపోవడమే అన్యాయం. మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్‌కు 2014లో వచ్చిన సవరణ, మార్ఫిన్ ఎవరు ఎలా ఇవ్వొచ్చన్నది ఐదో పాఠంలో.

ఇంటిపని: టాపెంటడాల్ (ఇదీ ఓపియాయిడే) 50 మిల్లీగ్రాములవి రోజుకు రెండు, గుణకం 0.4. దాంతోపాటు పై కాంబినేషన్ బిళ్ల ఒకటి. జవాబు 47.5 రావాలి. రాకపోతే మొత్తం మిల్లీగ్రాములు కూడి ఒకే గుణకంతో హెచ్చవేశారేమో చూసుకోండి. ఏ మందుకు ఆ గుణకం వేశాకే కూడాలి.