మాయాలోకంలో మామూలు మనుషుల కథ రాయడం ఎలా?

మాయలు, మంత్రాలు ఉన్న లోకం అనగానే రాజకుమారుడు, రాక్షసుడు, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిన ప్రాణం గుర్తుకు వస్తాయి. ఆ కథలంటే నాకు ప్రాణం. అయినా ఆ రాజకుమారుడి గుర్రానికి గడ్డి కోసినవాళ్ళు, మాంత్రికుడి గుహ ఊడ్చినవాళ్ళు ఏమయ్యారో ఎవరూ చెప్పలేదే అన్న వెలితి చిన్నప్పటి నుంచీ ఉండేది. అలాంటివాళ్ళ కథ రాయాలనుకునేవారి కోసం ఈ వ్యాసం. ఒకే ఉదాహరణను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నడుద్దాం.

1. ఒక మనిషిని, ఒక రోజును ఎంచుకోండి

చాలామంది ముందు లోకపటం గీస్తారు. రాజవంశాలకు పేర్లు పెడతారు, వెయ్యేళ్ళ చరిత్ర రాసుకుంటారు. వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒక మనిషి నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేస్తుందో ఒక కాగితం మీద రాయండి. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? పొయ్యి ఎలా వెలుగుతుంది? చీకటి పడ్డాక ఏ వెలుతురులో పని చేసుకుంటుంది? ఇంట్లో చెత్త ఎక్కడికి పోతుంది? ఒంట్లో ఎక్కడ నొప్పి?

ఈ ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ లోకం మొత్తం వీటిలోంచే పుడుతుంది. లీటరు నీళ్ళు కిలో బరువు. ఇరవై లీటర్ల బిందె అంటే, బిందె బరువు కాక, ఇరవై కిలోలు. నలుగురున్న ఇంటికి రోజూ అలాంటివి మూడు నాలుగైనా కావాలి. బరువును తేలిక చేసే మంత్రం ఒకటి ఆ లోకంలో ఉంటే సేనాపతి కంటే ముందు దాన్ని కోరుకునేది నీళ్ళు మోసేవాళ్ళే.

మన ఉదాహరణలో మనిషి అరవై ఏళ్ళ ఆవిడ. కొండ మీది చలిని గుడ్డలో ముడివేసి, మూటలుగా దించి, కింద ఊళ్ళో అమ్ముతుంది. ఆ మూట పక్కన ఉంచితే పాలు విరగవు. జ్వరం వచ్చినవాళ్ళ నుదుటి మీద పెడితే హాయిగా ఉంటుంది. ఇంట్లో ఎనిమిదేళ్ళ మనవరాలు తప్ప ఇంకెవరూ లేరు.

2. మాయకు హద్దు గీయండి, ఖరీదు కట్టండి

కథకు ఒక్క మాయ చాలు. దాని గురించి మూడు సంగతులు రాసుకోండి. అది ఏం చేయగలదు? ఏం చేయలేదు? చేసినవాళ్ళ దగ్గర నుంచి ఏం తీసుకుంటుంది? చలిముడి ఒక పగలు నిలుస్తుంది. మండుతున్న నిప్పును ఆర్పలేదు. ముడివేసిన ప్రతిసారీ వేళ్ళ కొసల్లో కాస్త స్పర్శ పోతుంది.

మూడో సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగండి. మాయకు ఖరీదుగా ఆయుష్షునో ఆత్మనో పెడితే కథ మన చేయి విడిపించుకుని శాపాల వైపు, యుద్ధాల వైపు పరుగెడుతుంది. రోజూ అడ్డు తగిలే చిన్న నష్టాన్ని వెతకండి. నలభై ఏళ్ళుగా ముడులు వేసిన ఈ ఆవిడ వేళ్ళకు ఇప్పుడు ఏమీ తెలియదు. సూదిలో దారం ఎక్కించలేదు. చీకట్లో నాణేన్ని తడిమి గుర్తుపట్టలేదు. మనవరాలి ఒళ్ళు కాలుతోందేమో చూడాలన్నా చేయి పనికిరాదు. వంగి, తన చెంపను పిల్ల నుదుటికి ఆనించి చూస్తుంది.

ఊరందరి జ్వరాలకూ చల్లదనం అమ్మే మనిషి సొంత మనవరాలి జ్వరాన్ని చెంపతో కొలుచుకుంటోంది. ఇలాంటి దృశ్యం ఒకటి దొరికేదాకా రెండో మెట్టు దాటవద్దు. నా మటుకు నాకు కథ మొదలయ్యేది ఇక్కడే.

3. ఆ మాయ మీద ఇంకా ఎవరెవరు బతుకుతున్నారో చూడండి

చలిని అమ్మడం మన లోకంలోనూ జరిగింది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు పంపాడు. సుమారు 180 టన్నులు బయలుదేరితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత 100 టన్నుల దాకా మిగిలింది. గడ్డకట్టిన చెరువుల మీద గుర్రాలతో కోత పరికరాలు లాగించి మంచును దిమ్మలుగా కోసేవారు. కరగకుండా రంపపు పొట్టు కప్పేవారు. కోత మిల్లుల్లో పనికిరాదని పారబోసే పొట్టుకు అలా గిరాకీ వచ్చింది. మంచును దాచడానికి ప్రత్యేకంగా కట్టడాలు లేచాయి. మద్రాసులో 1842లో కట్టిన అలాంటి భవనం ఈనాటికీ నిలిచి ఉంది. యంత్రాలతో మంచు తయారు చేయడం వచ్చాక, పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే మన దేశానికి ఓడల్లో మంచు తెచ్చే ఆ వ్యాపారం అంతరించింది.

చెరువు కోసినవాళ్ళు, పొట్టు అమ్మినవాళ్ళు, ఓడలోకి దిమ్మలు ఎక్కించినవాళ్ళు, చివరికి పని పోయినవాళ్ళు. మీ మాయ వెనుక కూడా ఇంతమంది ఉండాలి. చలి కారిపోకుండా ఒత్తుగా గుడ్డ నేసేవాళ్ళు ఎవరు? విప్పేసిన గుడ్డలు ఏరుకుని మళ్ళీ అమ్మే పిల్లలు ఉన్నారా? చలి అంతా మూటల్లో దిగిపోతే కొండ మీది చెట్లు ఏమవుతాయి? పది ప్రశ్నలు వేసుకుని, రెండు జవాబులే కథలో వాడండి. మిగతా ఎనిమిది మీ దగ్గర ఉంటే చాలు, వాక్యంలో ఆ ధీమా తెలుస్తుంది.

మన కథలోకి ఇక్కడే ఒక కుర్రాడు వస్తాడు. రెండు పగళ్ళు నిలిచే ముడి అతను కొత్తగా నేర్చుకున్నాడు. ఆవిడ గిరాకీ సగం అటు వెళ్ళిపోయింది. దయచేసి అతన్ని దుర్మార్గుణ్ణి చేయకండి. అతనికీ ఇల్లుంది, అప్పుంది. ఆ ముడి వేళ్ళను రెట్టింపు వేగంతో తినేస్తుందని అతనికి ఇంకా తెలియదు. ఆవిడకు తెలుసు.

4. సమస్యను చిన్నదిగా, గడువును దగ్గరగా పెట్టండి

లోకం మునిగిపోనక్కరలేదు. మూడు రోజుల్లో మనవరాలు ఊరందరి ముందు పాట పాడాలి. ఉన్న ఒక్క మంచి గౌను చిరిగింది. అది కుట్టాలి. అంతే.

ఇరుగుపొరుగుని సాయం అడగవచ్చు కదా అని పాఠకులు అడుగుతారు. దానికి సరైన జవాబు ఉండాలి. ముడి గట్టిదో కాదో వేళ్ళతో తడిమే చూడాలి. ఆవిడ వేళ్ళకు స్పర్శ లేదని తెలిసిన రోజున ఆ మూటలు ఎవరూ కొనరు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళుగా దాచింది. ఇప్పుడు ఒక చిరుగు వెనుక ఒక బతుకు మొత్తం ఉంది.

5. ఆ లోకంవాళ్ళలాగే మాట్లాడించండి

పుస్తకాల్లో దాని పేరు హిమబంధన విద్య కావచ్చు. రోజూ వాడేవాళ్ళ నోట్లో అది చలిముడి. పని చేసేవాళ్ళు పొడుగు పేర్లను అరగదీస్తారు. సమాసాలు పండితులకు, రాజోద్యోగులకు ఉంచి, మామూలు మనుషులకు పొట్టి తెలుగు మాటలు ఇవ్వండి. ఎవరిది ఏ తరగతో ఆ తేడాతోనే తెలిసిపోతుంది.

సామెతలు కూడా పుట్టించండి. మన సామెతలు చాలామటుకు వంట, వ్యవసాయం, చుట్టరికం నుంచి వచ్చాయి. వాళ్ళవి వాళ్ళ పనిలోంచి రావాలి. “ముడి విప్పాక మూటకేం పని?” అని ఆవిడ ఒక్కసారి అంటే చాలు, ఆ ఊరికి వందేళ్ళ వయసు వస్తుంది.

విడమరచి చెప్పాలన్న ఆత్రం దగ్గర మాత్రం జాగ్రత్త. ఇది చూడండి:

“ఆ లోకంలో ప్రజలు మంత్రంతో చలిని బంధించేవారు. అలా బంధించిన చలి ఒక పగలు మాత్రమే ఉండేది.”

ఇప్పుడు ఇది:

“పొద్దు వాలుతోంది. ఇంకా రెండు మూటలు మిగిలాయి. ఆవిడ ధర సగానికి తగ్గించింది. దీపాల వేళ దాటితే అవి ఉత్త గుడ్డలే.”

సమాచారం అదే. రెండోదానిలో మనకూ ఆవిడతో పాటు తొందర పుట్టింది.

6. చిత్తుప్రతిని చేతుల కోసం చదవండి

రాసినదాంట్లో అద్భుతం, ఆశ్చర్యం, మిరుమిట్లు వంటి మాటలకు సున్నా చుట్టండి. రోజూ ముడులు వేసేవాళ్ళకు ముడి అద్భుతం ఎందుకవుతుంది? వాటిని కొట్టేసి, అదే చోట చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. ఈ ఒక్క పనితో నా చిత్తుప్రతులు ఎన్నోసార్లు నిలబడ్డాయి.

7. ముగింపు

ఆవిడ వేళ్ళకు స్పర్శ తిరిగి ఇప్పించాలని మీకు గట్టిగా అనిపిస్తుంది. ఇప్పించకండి. మూడో రోజు రాత్రి ఆవిడ సూది, దారం పట్టుకుని పోటీదారు తలుపే తట్టాలి. గుట్టు తెలిస్తే తన వ్యాపారం ముగుస్తుందని ఎరిగే తట్టాలి. తను ఎందుకు దారం ఎక్కించలేకపోతోందో ఒక్క వాక్యంలో చెప్పాలి. కుర్రాడు దారం ఎక్కించి, సూదిని ఆవిడ అరచేతిలో పెడతాడు. తర్వాత దీపం దగ్గరకు వెళ్ళి, బొటనవేలితో మిగతా వేళ్ళను ఒక్కొక్కటిగా నొక్కి చూసుకుంటాడు. మర్నాడు అతను కొండ ఎక్కాడో లేదో రాయవద్దు.