మందు డబ్బా ఎంత కడిగినా వాసన పోవట్లేదా?

మిర్చి తోటకు మందు కొట్టిన రోజు బోరు దగ్గర చూస్తే నాలుగైదు ఖాళీ డబ్బాలు పడి ఉంటాయి. వాటిని రీసైక్లింగుకు పనికొచ్చేలా చేయడం పెద్ద పనేం కాదు. కాకపోతే మందు కలిపేటప్పుడే చేయాలి. కింది చిక్కుల్లో సగం "రేపు కడుగుదాంలే" అనుకోవడం వల్ల వచ్చేవే. ఏది కడిగినా చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి. మూత వదులుగా ఉంటే ఊపినప్పుడు చిమ్మేది ముఖం మీదికే.

సమస్య: కడిగినా అడుగున తెల్లటి పొర, ఘాటు వాసన

మందు ఎండి గోడకు పట్టేసింది. చిక్కగా ఉండి అడుగున పేరుకునే మందులతో ఇది మరీ ఎక్కువ. లేదంటే, నిండా నీళ్లు పోసి ఒక్కసారే కడిగి ఉంటారు. లెక్క చూడండి: లీటరు డబ్బా వంచేశాక 20 మి.లీ. మందు మిగిలిందనుకుందాం. 750 మి.లీ. నీళ్లతో ఒకసారి కడిగి వంచితే దాదాపు అర మిల్లీలీటరు మందు లోపలే ఉంటుంది. అవే నీళ్లు 250 చొప్పున మూడుసార్లు వాడితే మిల్లీలీటరులో వందో వంతు కూడా ఉండదు.

కాబట్టి డబ్బా ఖాళీ అవగానే స్ప్రేయర్ ట్యాంకు మీద బోర్లించి, ధార ఆగి చుక్కలు పడుతున్నాక ఇంకో 30 సెకన్లు అలాగే పట్టుకోండి. పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, పక్కకూ తలకిందులుగానూ 30 సెకన్లు ఊపి ట్యాంకులోనే వంచండి. ఇలా మూడుసార్లు. మూతను విడిగా కడిగి ఆ నీళ్లూ ట్యాంకులోనే పోయాలి. మూతి దగ్గర అంటుకున్న సీల్ రేకును పూర్తిగా పీకేయాలి. వాసన చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది.

ఇప్పటికే ఎండిపోయిందా? కాస్త నీళ్లు పోసి మూత బిగించి, పిల్లలకు అందని చోట రాత్రంతా నాననివ్వండి. ఆ నీళ్లను అదే పంటకు, అదే మందు మళ్లీ కొట్టేటప్పుడు ట్యాంకులో కలపండి. కలుపు మందు డబ్బాతో మాత్రం తెలివి ప్రదర్శించొద్దు. 2,4-డి కడిగిన నీళ్లు పొరపాటున పత్తి మీద పడితే ఆకులు ముడుచుకుపోతాయి.

సమస్య: కడిగిన నీళ్లకు ట్యాంకులో చోటు లేదు

ముందే 16 లీటర్లూ నింపేశారు, అంతే. సగం నింపి, మందు పోసి, కడిగిన నీళ్లు కలిపాక మిగతాది నింపండి. పొంగిందని బోదెలోనో బోరు పక్కనో పారబోయొద్దు.

సమస్య: కడిగి పెట్టిన డబ్బా మాయం, వారానికి ఎవరింట్లోనో కిరోసిన్‌తో కనబడింది

చూడ్డానికి గట్టిగా, బాగుంది కదా, అందుకే పట్టుకుపోయారు. మూడోసారి కడగగానే ప్లాస్టిక్ డబ్బా అడుగున, పక్కల స్క్రూడ్రైవర్‌తో రెండు మూడు బొక్కలు పొడవండి.

సమస్య: రీసైక్లింగుకు ఇచ్చిన డబ్బాల సంచి వెనక్కి పంపారు

లోపల నీళ్లుంటాయి, లేదా డబ్బాల్లో పౌచ్‌లు కలిసి ఉంటాయి. పౌచ్‌లు రెండు మూడు పొరల సరుకు, వాటిని వేరే సంచిలో పెట్టండి. డబ్బాలను మూత తీసి, బోర్లించి ఆరబెట్టి, మూతలు విడిగా కట్టండి.

సమస్య: తీసుకునేవాళ్లే లేరు

బ్రెజిల్‌లో 2000 నాటి చట్టం ప్రకారం రైతు కడిగిన డబ్బాను ఏడాదిలోగా తిరిగి ఇవ్వాలి, తీసుకెళ్లే బాధ్యత కంపెనీలది. మన దేశపు 1971 నాటి పురుగుమందుల నిబంధనలేమో డబ్బాలను పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టమన్నాయి. ముందు మందుల షాపులో, వ్యవసాయ అధికారి దగ్గర సేకరణ సంగతి అడగండి. పాత సామాన్ల వాడికి మాత్రం అమ్మొద్దు. ఆ ప్లాస్టిక్ చివరికి మగ్గుగా మారుతుందో బొమ్మగా మారుతుందో మన చేతిలో ఉండదు. కాల్చొద్దు, పొగ విషం. ఎవరైనా వచ్చేదాకా సంచి పొలం షెడ్డులో, తాళం వేసి. ఇంటి అటక మీద కాదు.