ఎండలు ముదరకముందే పాత బీటిల్ కారుకు పెట్రోల్ జాగ్రత్తలు

పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ ఉన్నవాళ్లు ఎండాకాలం వస్తోందంటే అడిగే ప్రశ్న ఒక్కటే: "95 కొట్టించాలా, 100 కొట్టించాలా?" ఆక్టేన్ నంబరు (పెట్రోల్ ముందే మండకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) మీద పడే టెన్షన్‌లో సగం, పెట్రోల్లో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్ మీద పెడితే చాలా ఇంజిన్లు బతుకుతాయని నా నమ్మకం. ఈ కారుకు రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఫ్యాన్ గాలీ, ఇంజిన్ ఆయిలూ కలిసి దాన్ని చల్లబరచాలి. బయట 43 డిగ్రీలున్న రోజున ఆ గాలే సెగలా ఉంటుంది. అందుకే ఏ పెట్రోల్ వాడాలి, దానికి ఏం సర్దుబాటు చేయాలి అన్నది మార్చిలోనే తేల్చుకోండి.

ముందు ఆక్టేన్ సంగతి. 1200 ఇంజిన్ కంప్రెషన్, అంటే సిలిండర్లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందన్నది, సుమారు 7:1, 1600 ఇంజిన్‌ది సుమారు 7.5:1. వీటికి 91 ఆక్టేన్ చాలు. బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం మన బంకుల్లో మామూలు పెట్రోలే 91. ఇరవై శాతం ఇథనాల్ కలిశాక (దీన్నే ఇ-20 అంటారు) అది 95కి చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖ చెప్పింది. కాబట్టి ఆక్టేన్ కోసమే 100 కొట్టిస్తే డబ్బు దండగ, పవర్ ఏమీ పెరగదు. ఇలా గాలితో చల్లబడే ఎయిర్‌కూల్డ్ కార్లన్నీ ఇంతే అనుకోవద్దు. 1970 నాటి పోర్షె 911 ఎస్ లాంటి వాటిలో కంప్రెషన్ 9.8:1, అక్కడ ఎక్కువ ఆక్టేన్ తప్పనిసరి. మీ ఇంజిన్ ఎవరైనా విప్పి, హెడ్లు అరగదీసి బిగించి ఉంటే దాని కంప్రెషన్ ఎంతో కనుక్కోండి.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్లోంచి గలగలమని చప్పుడు వస్తే వెంటనే యాక్సిలరేటర్ వదిలి కింది గేరులోకి రండి. మంచి పెట్రోల్‌తో కూడా అలా వస్తుంటే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే సమయం) ముందుకు జరిగి ఉండొచ్చు, ఇంజిన్ మితిమీరి వేడెక్కి ఉండొచ్చు, లేదా పెట్రోల్లో కిరోసిన్ కలిసి ఉండొచ్చు. ఆక్టేన్ బూస్టర్ సీసాలతో దాన్ని కప్పిపుచ్చకండి. సీసం లేని పెట్రోల్‌తో వాల్వ్ కూర్చునే చోటు అరిగిపోతుందన్న భయం కూడా వద్దు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లోనే ఆగిపోయింది. బీటిల్ హెడ్లు అల్యూమినియంవే అయినా, వాల్వ్ కూర్చునే చోట గట్టి రింగులు ఉంటాయి.

ఇక అసలు విషయం. కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఇ-20 పెట్రోల్‌కు లెక్క 13.5 దగ్గరకు వస్తుంది. కొత్త కార్లలో సెన్సర్ ఈ తేడా కనిపెట్టి పెట్రోల్ పెంచుతుంది. బీటిల్లో గాలికి పెట్రోల్ కలిపే సోలెక్స్ కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు, పెట్రోల్ వదిలే జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే వదులుతుంది. దాంతో మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. పికప్ తగ్గుతుంది, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్లో టపటపమంటుంది, హైవే మీద ఆగకుండా లాగిస్తే హెడ్లు కాగిపోతాయి. ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ కాస్త చల్లదనం ఇస్తుంది కానీ దాన్ని నమ్ముకోవద్దు. 1971కి ముందు ఇంజిన్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ గాలికి అడ్డంగా మూడో సిలిండర్ మీద నిలబడి ఉంటుంది. వేడికి ముందుగా దెబ్బతినేది ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వే. దాని తల విరిగి పిస్టన్ మీద పడిందంటే ఇంజిన్ మళ్లీ కట్టించాల్సిందే.

మందు సులువే. మెయిన్ జెట్ మీద నంబరు చెక్కి ఉంటుంది. 127.5 ఉంటే 130 గానీ 132.5 గానీ వేయించి, హైవే మీద కొంత దూరం నడిపి, ఇంజిన్ ఆపి చల్లారాక ప్లగ్గులు విప్పి చూడండి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఇంకా పలచగానే ఉంది. లేత గోధుమ రంగు రావాలి. వాల్వ్ క్లియరెన్స్ కూడా చల్లటి ఇంజిన్ మీద 0.15 మిల్లీమీటర్లు ఉందో లేదో అప్పుడే చూపించండి.

ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే జెట్ ముట్టుకోనక్కర్లేదు. 100 ఆక్టేన్ పెట్రోల్లో ఇథనాల్ లేకపోతే, దానికి డబ్బు పెట్టడంలో అర్థం ఉందంటే ఇందుకే. అయితే ప్రీమియం అని బోర్డు ఉన్నంత మాత్రాన ఇథనాల్ లేదని కాదు. మీరే పరీక్షించుకోవచ్చు. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో పది గీత దాకా నీళ్లు, ఆపైన నూరు దాకా పెట్రోల్ పోసి, మూత పెట్టి బాగా కుదిపి, మూత నెమ్మదిగా తీసి గాలి వదలండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. కింది పొర పది దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 28 దాకా ఎక్కిందంటే 90లో 18 మిల్లీలీటర్లు, అంటే ఇరవై శాతం. ఇది ఆరుబయటే చేయాలి, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది రబ్బరు పైపుల విషయంలో. బయటికి నూలు అల్లిక ఉన్న పాత పైపు చూడటానికి బాగానే ఉంటుంది, లోపల రబ్బరు పగిలినా కనపడదు. ఇథనాల్ దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైపు వంచి చూడండి, చేతికి పెట్రోల్ వాసన అంటినా, అల్లిక మీద తడి మరక కనిపించినా ఆ రోజే మార్చండి. కొత్త పైపు మీద ఎస్ఏఈ జె30ఆర్9 (పెట్రోల్ పైపుల నాణ్యతా ప్రమాణం) అని ముద్ర ఉండాలి. ట్యాంకు కింద, గేర్‌బాక్స్ పక్కన, పంపు నుంచి కార్బ్యురేటర్ దాకా ఉన్న ముక్కలన్నీ ఒకేసారి మార్పించండి. కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్ వచ్చే ఇత్తడి గొట్టాన్ని వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి. కదిలితే అది ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, పెట్రోల్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద పడుతుంది. బీటిల్స్ తగలబడేది ఎక్కువగా ఇలాగే. ప్లాస్టిక్ ఫిల్టర్ ఇంజిన్ గదిలో వేలాడుతుంటే తీసి, కారు కింద గేర్‌బాక్స్ దగ్గర పెట్టించండి. ఇ-20 ట్యాంకులోని పాత జిగురును, తుప్పును కదిలిస్తుంది కాబట్టి మొదటి రెండు ట్యాంకులు అయ్యాక ఫిల్టర్ మార్చాలి.

మధ్యాహ్నం ఆపిన కారు పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాకపోతే, ఇంజిన్ దగ్గరి పంపులో పెట్రోల్ ఆవిరై ఉంటుంది. వెనక మూత తెరిచి చల్లారనివ్వండి, సెల్ఫ్ అదే పనిగా కొట్టి బ్యాటరీ చంపుకోకండి. పంపు మీద తడి గుడ్డ వేసేవాళ్లు పక్కనే ఉన్న డిస్ట్రిబ్యూటర్ తడవకుండా చూసుకోవాలి. వానాకాలమంతా కారు షెడ్డులోనే ఉంటుందనుకుంటే ఇ-20తో నెలల తరబడి వదలొద్దు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

పొడి రసాయనం నింపిన చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డ్రైవర్ సీటు పక్కన పెట్టుకోండి. ఇంజిన్ వెనక ఉంది కాబట్టి మంట మీకు కనపడేసరికి ఆలస్యమవుతుంది. పెట్రోల్ వాసన వచ్చిన క్షణమే పక్కకు తీసి, ఇగ్నిషన్ ఆపి, ముందు అందరినీ దించండి. పొగ కనిపిస్తే ఇంజిన్ మూత పూర్తిగా ఎత్తకుండా, కొద్ది సందులోంచే పొడి కొట్టండి.